కొడుకు వినమన్న ఆల్బం నా తలకెక్కడం లేదు

ప్రశ్న: మేడం, నేను దేవరకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్తాను. సొంతూరు మర్రిగూడ పక్కన. ఉద్యమం నడిచినన్నాళ్లు ధూంధాంలలో పాడిన. ఫ్లోరైడ్ నీళ్ల మీద నేను కట్టిన పాట ఒకటి మా దిక్కు ఊళ్లల్లో మంచిగనే తిరిగింది. రాష్ట్రం వచ్చినంక బదిలీలు, పిల్లల చదువులు, పాట పక్కకు పోయింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. దసరాకు వచ్చినప్పుడు కెండ్రిక్ లమార్ అనే అమెరికా ర్యాపర్ ఆల్బం 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' నా ఫోన్‌లో పెట్టి, "నాన్నా, ఇది నీ పాటల లాంటిదే, మొత్తం విను" అన్నడు. చప్పుడు సరిపోక ఫోన్‌ను స్టీలు గ్లాసులో పెట్టి విన్న. రెండో పాటకే ఆపేసిన. అన్నీ బూతులు, ఊపిరి తీసుకోని మాటలు, తాళం ఎక్కడుందో తెల్వదు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా "విన్నవా" అంటడు. బాగుందని అబద్ధం చెప్పబుద్ధి కాదు. బాగలేదంటే చిన్నబుచ్చుకుంటడు. సామాజిక స్పృహ ఉన్న ఆల్బం అంటున్నరు. స్పృహ ఉంటే సరిపోతదా? అసలు దీన్ని ఎట్ల వినాలె?
ఒక తెలుగు సారు, నల్లగొండ జిల్లా

సమాధానం:

సార్, ముందు ఆ ఫోన్‌ను గ్లాసులోంచి బయటికి తీయండి. ఈ ఆల్బంలో సగం పని అడుగున నడిచే బాస్ గిటార్ చేస్తుంది. ఫోన్ స్పీకర్‌కు అంత కింది స్వరం పలికే శక్తి లేదు. గ్లాసులో పెడితే చప్పుడు పెరుగుతుంది గానీ, మాటలు గణగణమని ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మీకు తాళం దొరకలేదంటే వింతేమీ లేదు. తాళం పట్టుకుని నడిచేవాడే మీకు వినిపించలేదు. పిల్లలవి పాత ఇయర్‌ఫోన్స్ ఏవో ఇంట్లో పడి ఉంటాయి, అవి పెట్టుకోండి. అప్పుడు థండర్‌క్యాట్ అనే పేరుతో వాయించే ఆయన బాస్, కమాసి వాషింగ్టన్ శాక్సఫోన్, రాబర్ట్ గ్లాస్పర్ పియానో విడివిడిగా చెవిన పడతాయి. ర్యాప్ అనగానే మనవాళ్లు కంప్యూటర్ మోత అనుకుంటారు. ఇందులో జాజ్ వాయించే మనుషులు కూర్చుని వాయించింది చాలా ఉంది.

మీరు ఆగిపోయిన రెండో పాట పేరు 'ఫర్ ఫ్రీ?'. ఒకావిడ తన మగాణ్ని నానా మాటలూ అంటుంది. నీవల్ల నాకు ఒరిగిందేమిటి, కొనిపెట్టేవాళ్లు నాకు బోలెడుమంది అని ఎత్తిపొడుస్తుంది. ఆయన జవాబు మొదలుపెడతాడు. ఆ జవాబు నిండా బూతే, అది నేను కాదనను. కానీ కొంచెం ముందుకు పోతే ఆ పోట్లాట ఇద్దరు మనుషులది కాదని తెలుస్తుంది. పత్తి ఏరి నిన్ను ధనవంతురాలిని చేసింది నేనే కదా అని నల్లవాడు అమెరికాను నిలదీస్తున్నాడు. పత్తి ఏరడం అంటే ఏమిటో దేవరకొండ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక తాళం సంగతి. వెనక డ్రమ్ములు నిలకడగా ఉండవు, అతని మాట వాటికి కాసేపు ముందు, కాసేపు వెనక నడుస్తుంది. ఒగ్గుకథ చెప్పేవాళ్లు పాట ఆపి వచనంలోకి దిగినప్పుడు డోలు ఒక పక్క మోగుతూ ఉండగా మాటను ఎలా పరుగెత్తిస్తారో గుర్తు చేసుకోండి. రాగం కోసం చూస్తే అక్కడ ఏమీ దొరకదు. ఊపిరి ఎక్కడ ఆపాడు, ప్రాస ఎక్కడ వేశాడు, ఎక్కడ వేస్తాడనుకుంటే ఎక్కడ వేశాడు అని వినాలి. యతిప్రాసలు పిల్లలకు చెప్పే మీకు ఆ పని నాకంటే తేలిక.

అయినా కొత్తగా వినేవాళ్లు ఆ పాటతో మొదలుపెట్టడం మంచిది కాదు. మొత్తం పదహారు పాటలు, దాదాపు 79 నిమిషాలు. వరసగా వినడం తర్వాత చూద్దాం. ముందు పదకొండో పాట పెట్టండి: 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్'. ఇది నేరుగా ఒక కథ. దక్షిణాఫ్రికాలో గాయకుడు ఖరీదైన కారులో పోతూ పెట్రోల్ బంకు దగ్గర ఆగుతాడు. ఇల్లూ వాకిలీ లేని ఒక మనిషి వచ్చి పది ర్యాండ్లు, అంటే అక్కడి డబ్బులో దాదాపు ఒక డాలర్, అడుగుతాడు. మత్తుమందుకు అడుగుతున్నాడులే అనుకుని ఇతను లేదు పొమ్మంటాడు. ఆ మనిషి పోడు. అక్కడే నిలబడి చూస్తూ ఉంటాడు. ఆ చూపుకి ఇతనికి కోపం వస్తుంది. నేను కష్టపడి సంపాదించుకున్నాను, నీకెందుకివ్వాలి అని లోపల లెక్కలు వేసుకుంటాడు. ఆ మనిషి ఉన్నట్టుండి బైబిల్‌లో నిర్గమకాండం చదివావా అని అడుగుతాడు. చివరికి తానెవరో చెప్తాడు, దేవుణ్ని అని. నువ్వు దాచుకున్న ఆ ఒక్క డాలర్ ఖరీదు స్వర్గంలో నీ చోటు అని చెప్పి కథ ముగిస్తాడు.

దేవుడు బిచ్చగాడి వేషంలో వచ్చి పరీక్ష పెట్టడం మనకు కొత్తా? చిరుతొండ నంబి కథ బసవపురాణంలో ఉంది, మన ఊళ్లల్లో యక్షగానంగా ఆడారు కూడా. జంగమయ్య వేషంలో శివుడొచ్చి కన్నకొడుకునే వండిపెట్టమని అడిగినా ఆ దంపతులు కాదనరు. మన కథల్లో భక్తుడు గెలుస్తాడు, శివుడు ప్రత్యక్షమవుతాడు, బిడ్డ తిరిగొస్తాడు. ఇక్కడ భక్తుడు ఓడిపోయాడు. ఓడిపోయింది ఎవరో కాదు, మైకు పట్టుకున్నవాడే. తన పిసినారితనాన్ని తానే దండోరా వేసుకున్నాడు. అప్పటి అధ్యక్షుడు ఒబామా 2015లో తనకు బాగా నచ్చిన పాట ఇదే అన్నాడు. ఆయన సిఫారసు లేకున్నా నిలబడే పాట. మీ అబ్బాయిని ఈ ఒక్కదాని మాటలు తెలుగులో మీకు వివరించమనండి. అంతా కాదు, ఇది ఒక్కటే.

ఇప్పుడు మొదటి పాటకు రావచ్చు. ఈ ఆల్బంలో చాలామంది ఎక్కడ తడబడతారంటే, వినిపించే ప్రతి మాటా గాయకుడి సొంత అభిప్రాయం అనుకుంటారు. 'వెస్లీస్ థియరీ'లో సగం దాకా కొత్తగా డబ్బు చూసిన కుర్రాడు మాట్లాడతాడు. అది కొంటా, ఇది కొంటా అని. మిగతా సగంలో మాట్లాడేది అంకుల్ శామ్, అంటే అమెరికా ప్రభుత్వం. ఏం కావాలన్నా తీసుకో, అప్పుగానే తీసుకో, లెక్క తర్వాత చూసుకుందాం అని బుజ్జగిస్తాడు. వెస్లీ అంటే పన్ను రిటర్నులు దాఖలు చేయని కేసులో జైలుకు పోయిన సినిమా నటుడు వెస్లీ స్నైప్స్. పేరు తెచ్చుకున్న నల్లవాడికి డబ్బు నిలబెట్టుకోవడం ఎవరూ నేర్పలేదని, నేర్పకపోవడం కూడా ఒక పన్నాగమేనని పాట ఉద్దేశం. ఇంకొంచెం ముందుకు పోతే లూసీ అనే పాత్ర వస్తుంది. అది సైతాను. తీయగా మాట్లాడుతుంది, సంతకం పెట్టు చాలు అంటుంది. ఒగ్గుకథలో ఒకే మనిషి ఈ నిమిషం ఎల్లమ్మ, మరు నిమిషం జమదగ్ని అయిపోతే మీరు తికమక పడరు. గొంతు మారగానే మనిషి మారాడని పట్టేస్తారు. కెండ్రిక్ గొంతు కూడా అలాగే సన్నబడుతుంది, బొంగురుపోతుంది, ముసలిదవుతుంది. గొంతు మారిన ప్రతిసారీ ఇప్పుడు మాట్లాడేది ఎవరు, ఎవరితో అని అడుగుతూ వినండి. ఇంగ్లిష్ మాటలు సగం పోయినా సంగతి అందుతుంది.

ఇంకో గుర్తు చెప్తాను. పాటల మధ్యలో సంగీతం ఆగి అతను మామూలుగా మాట్లాడినట్టు నాలుగు ముక్కలు చదువుతాడు. అది ఒక కవిత. మొదటిసారి ఒకటి రెండు వాక్యాలే. తర్వాత వచ్చినప్పుడు ఆ పాత వాక్యాలకే ఇంకొన్ని కలిసి వస్తాయి. ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి తర్వాతి పాట మొదలవుతుంది. ఉదాహరణకు ఒకసారి హోటల్ గదిలో నేను అరుస్తున్నాను అనే మాట దగ్గర కవిత ఆగుతుంది. వెంటనే ఒక అరుపు. అది ఆరో పాట 'యు'.

ఈ 'యు' దగ్గర మాత్రం తొందరపడొద్దు. వీలైతే రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు వినండి. మొదటి సగం గోలగా ఉంటుంది, ఒకే మాట మీద తిరుగుతుంది: నిన్ను ప్రేమించడం కష్టం అని. ఎవర్ని అంటున్నాడు? అద్దంలో తనను. రెండో సగంలో సీసా గలగలలు వినిపిస్తాయి, తాగి ఏడుస్తున్న గొంతు. గది శుభ్రం చేయడానికి వచ్చినామె తలుపు కొడుతుంది, అతను తీయడు. తన మీద తానే నేరాలు చదువుకుంటాడు. చెల్లెలు చిన్న వయసులోనే గర్భవతి అయితే అన్నగా నువ్వెక్కడున్నావు? దోస్తు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటే చూడ్డానికి పోకుండా ఫోన్‌లో వీడియో కాల్ చేశావు కదా? ఊరందరికీ నీతులు చెప్పేవాడివి, నీ ఇంట్లో ఏం చేశావు? గొంతు పగిలి, ముక్కుతో పీలుస్తూ, మాటలు తడబడుతూ పాడతాడు. ర్యాప్ అంటే తొడగొట్టడం అనుకునేవాళ్లు ఈ పాట వినాలి.

ఈ ఆల్బం దేని గురించి అంటే జాతి వివక్ష గురించి అని అందరూ చెప్తారు. నిజమే, అది ప్రతి పాటలో ఉంది. కానీ నా లెక్కలో దీని అసలు సంగతి వేరు. కెండ్రిక్ 1987లో పుట్టాడు, లాస్ ఏంజెలిస్ దక్షిణాన కాంప్టన్‌లో, గ్యాంగుల కొట్లాటల మధ్య పెరిగాడు. 2012లో వచ్చిన ఆల్బంతో పెద్ద పేరొచ్చింది, డబ్బొచ్చింది, లోకమంతా తిరిగాడు. కాంప్టన్‌లో దోస్తులు అక్కడే ఉన్నారు, కొందరు చచ్చిపోతూనే ఉన్నారు. ఈ ఆల్బం 2015 మార్చిలో వచ్చింది. తప్పించుకుని బయటపడినవాడు మిగిలిపోయినవాళ్లకు ఏం బాకీ ఉన్నాడు అన్న ప్రశ్న పదహారు పాటల్లోనూ నడుస్తుంది. నాలుగో పాటలో పాత దోస్తుల్ని ఒక పెద్ద అవార్డు ఫంక్షన్‌కు తీసుకుపోతాడు. వాళ్లేమో అక్కడున్న డబ్బున్నవాళ్ల గొలుసుల వైపే చూస్తుంటారు. నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. మనిషిని పేట నుంచి బయటికి తీశాడు, మనిషిలోంచి పేట పోలేదు.

మాది పాలమూరు. బొంబాయి, పుణె బస్సెక్కి మట్టి పనికి పోయిన ఇళ్ల మీద పాటలకు మా దగ్గర కొదవ లేదు. పోయినవాడి గోస, ఉన్న ముసలోళ్ల గోస, ఎండిన చెరువు గోస, అన్నీ ఉన్నాయి. పోయి బాగుపడినవాడి సిగ్గు మీద పాట ఎన్ని విన్నారు మీరు? రాష్ట్రం వచ్చాక పాడినవాళ్లలో కొందరికి పదవులు, కొందరికి ఉద్యోగాలు, కొందరు ఇప్పటికీ పెళ్లిళ్లలో డప్పు కొట్టుకుంటున్నారు. వచ్చినవాడు పాడడం మానేశాడని రానివాడు అన్నాడు. వచ్చినవాడు ఏమనుకున్నాడో మనకు తెలియదు, అతను దాన్ని పాటగా కట్టలేదు. కెండ్రిక్ కట్టాడు. అందుకే దీన్ని అమెరికా వాళ్ల గొడవ అని పక్కన పెట్టలేం.

'యు' అయిపోగానే 'ఆల్‌రైట్' వస్తుంది. మీ అబ్బాయి దోస్తులకు ఈ ఒక్క పాట తెలిసి ఉంటుంది. పోలీసుల చేతుల్లో నల్లవాళ్లు చనిపోతున్న రోజులవి. 2015 జులైలో క్లీవ్‌ల్యాండ్‌లో నిరసన చేస్తున్న జనం దీని పల్లవిని నినాదంగా అందుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఊరేగింపుల్లో వినిపించింది. మనకు ఏమీ కాదు, బాగుంటాం అన్న మాట గుంపులో ధైర్యమే. అయితే ఆల్బంలో అది హోటల్ గదిలో చావు గురించి ఆలోచించిన మనిషి నోట వస్తుంది. చరణాల్లో లూసీ ఇంకా వెంటపడుతూనే ఉంటుంది. కాబట్టి పల్లవి వింటే ఒక పాట, ఆరు నుంచి ఏడుకు దాటుకుంటూ వింటే ఇంకో పాట. వరసగా వినమనేది ఇందుకే, వేరే నియమం ఏమీ కాదు.

'ది బ్లాకర్ ది బెర్రీ' అనే పదమూడోది మీకు కోపం తెప్పించవచ్చు. తెప్పించాలి కూడా. తెల్లవాళ్ల ద్వేషం మీద విరుచుకుపడే పాట అది, అంత కోపంగా అతను ఇంకెక్కడా పాడలేదు. కానీ ప్రతి చరణం మొదట్లో ఈ 2015లో నా అంత కపటి ఇంకొకడు లేడు అంటాడు, కారణం చెప్పడు. చివరి వాక్యాల్లో చెప్తాడు. 2012లో ఫ్లోరిడాలో కాల్చి చంపిన ట్రేవాన్ మార్టిన్ అనే నల్లపిల్లవాడి కోసం వీధుల్లో ఏడ్చినవాణ్ని, గ్యాంగు గొడవల్లో నాకంటే నల్లవాణ్ని చంపినవాణ్ని నేనే కదా అని. ఈ ముగింపు మీద అప్పుడే పెద్ద గొడవైంది. ప్రభుత్వం చంపడానికీ, పేదరికంలో ఒకర్నొకరు చంపుకోవడానికీ పోలిక ఏమిటి, బాధితుణ్నే దోషిని చేస్తున్నావు అన్నారు. నాకు ఆ విమర్శలో న్యాయం కనిపిస్తుంది. కానీ పాటగా దాని కట్టుబడి చూడండి. మొదటి వరుసలో ముడి వేసి చివరి వరుస దాకా విప్పకుండా లాక్కుపోయాడు. ఒప్పుకోని పాటను కూడా మెచ్చుకోవచ్చు సార్. తరగతిలో మీరు అన్ని పద్యాల నీతినీ ఒప్పుకునే చెప్తున్నారా?

స్పృహ ఉంటే సరిపోతుందా అన్నారు. సరిపోదు. మీకు ఆ సంగతి తెలుసు, తెలిసే అడిగారు. మీ ఫ్లోరైడ్ పాట ఊళ్లు తిరిగింది నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పినందుకు కాదు. ఆ లెక్క అధికారుల నివేదికల్లో ఎప్పుడూ ఉంది, దాన్ని చదివి ఎవరూ ఏడవలేదు. వంకర కాళ్లతో బోరింగు దాకా నడిచే పిల్ల, ముప్పై ఏళ్లకే నడుం వంగిపోయిన తల్లి, గారపట్టిన పళ్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పెళ్లికూతురు, ఇలాంటివి ఏవో మీ పాటలో ఉండి ఉంటాయి. ఉద్యమంలో కట్టిన పాటల్లో ఎన్ని మిగిలాయో చూడండి. నినాదమే పల్లవైన పాటలు చాలా వరకు సభతోనే పోయాయి. ఊరిలో ఏమేం పోయాయో ఒక్కొక్క పేరు పెట్టి పిలిచిన గోరటి వెంకన్న పాటలు ఉన్నాయి. కెండ్రిక్ ఆల్బంలో పెట్రోల్ బంకు, హోటల్ తలుపు, ఆసుపత్రికి పోని వీడియో కాల్ ఉన్నాయి. మంచి ఉద్దేశంతో వచ్చిన ర్యాప్ ఆల్బంలు బోలెడున్నాయి, చాలావాటిలో ఇవి ఉండవు. అవి ఉపన్యాసాలు. నిద్రొస్తుంది.

లోపాలూ చెప్తాను. ఆడవాళ్లు ఇందులో ఎక్కువగా దేనికో ఒక గుర్తుగానే వస్తారు. ఒకామె అమెరికా, ఒకామె సైతాను. సొంతంగా మాట్లాడే ఆడగొంతు నిండుగా వినిపించేది పన్నెండో పాట 'కాంప్లెక్షన్'లో, ర్యాప్సడీ అనే ఆమెది. నల్లవాళ్లలోనే ఎవరు తక్కువ నలుపు, ఎవరు ఎక్కువ నలుపు అని చూసే అలవాటు మీద పాట అది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల చామనచాయ అని గొంతు తగ్గించి చెప్పే మన ఇళ్లల్లో దాన్ని స్పీకర్ పెట్టి వినిపించాలి. ఇంకా, మధ్యలో ఒకటి రెండు పాటలు సాగుతాయి. కొన్నిచోట్ల తాను చాలా గొప్ప విషయం మాట్లాడుతున్నానని అతనికే తెలిసిపోయిన ధోరణి ఉంటుంది. ఇవన్నీ మీ అబ్బాయితో నిస్సంకోచంగా అనండి.

బూతుల గురించి నాకు పెద్దగా పేచీ లేదు. కల్లు దుకాణం దగ్గర మనుషులు మాట్లాడే మాటే అది, అక్కడి మనుషుల కథ చెప్తూ అతను దాన్ని కడిగి ఆరేయలేదు. బూతుల్ని మింగేసిన వర్షన్ కూడా దొరుకుతుంది. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు అదే నయం, కాకపోతే మాట మింగిన ప్రతిచోటా నడక కుంటుతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. నల్లవాళ్లను తిట్టడానికి వాడిన ఒక పదం ఇందులో అడుగడుగునా వస్తుంది. వాళ్లు వాళ్లలో వాళ్లు అనుకుంటారు. మన పిల్లలు పాటతో పాటు దాన్ని అనేయడం, స్టేటస్‌లో పెట్టుకోవడం బాగుండదు. మన దగ్గర కులం పేరు పెట్టి తిట్టే మాటలు ఎవరి నోట వస్తే ఎలా ఉంటాయో మీ అబ్బాయికి మీరు వివరించగలరు.

"నీ పాటల లాంటిదే" అన్నాడు కదా మీ వాడు. కొంత నిజం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, చెల్లెలు పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ పాత రికార్డుల్లో జనం ఎగిరే ముక్కనే మళ్లీ మళ్లీ వేశాడు. హిప్ హాప్ పుట్టుక అక్కడి నుంచి లెక్క పెడతారు. కొత్త వాయిద్యాలు కొనే స్థోమత లేనివాళ్లు పాత పాట మీద కొత్త మాట పెట్టారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్నీ బుర్రకథనూ తీసుకుని సంఘం మాట పెట్టలేదా? ఉద్యమంలో బతుకమ్మ ఉయ్యాల బాణీలో ఎన్ని పాటలు కట్టలేదు? ఆ వరస అప్పటికే జనం నోట్లో ఉంది కాబట్టి పాట ఒక్క రోజులో ఊరు దాటింది. కొంత నిజం కాదు కూడా. మీ పాట పదిమంది వంత పాడితేనే నిలబడుతుంది. కెండ్రిక్ చరణాన్ని గుంపు పాడలేదు, అది ఒక్క గొంతుది, ఒక్కడి ఒప్పుకోలు. మీరు జనం తరఫున పాడారు. అతను జనం ముందు నిలబడి తన మీద ఫిర్యాదు పాడాడు. పదిహేనో పాట 'ఐ'లో వేదిక మీద పాడుతుండగా కింద జనంలో కొట్లాట మొదలవుతుంది. అతను పాట ఆపి మైకులో వాళ్లతో మాట్లాడతాడు. సభలో అలాంటి ఘట్టం మీకు ఎన్నిసార్లు ఎదురై ఉంటుందో! అది ముందే రాసుకుని రికార్డు చేసిన సన్నివేశమని తెలిసినా నమ్మాలనిపిస్తుంది. చిట్టచివరి పాట 'మోర్టల్ మ్యాన్' పన్నెండు నిమిషాలు. ముక్కలు ముక్కలుగా వచ్చిన కవిత అక్కడ పూర్తవుతుంది. దాన్ని ఎవరికి చదివి వినిపిస్తున్నాడో కూడా అక్కడే తెలుస్తుంది: 1996లో హత్యకు గురైన టూపాక్ అనే ర్యాపర్‌కు. 1994 నాటి ఒక ఇంటర్వ్యూలో టూపాక్ చెప్పిన జవాబుల మధ్య తన ప్రశ్నలు పెట్టి ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు కూర్చాడు. దాన్ని ముందే వినేయకండి, మిగతావి అయ్యాక వినండి.

అబ్బాయికి ఏం చెప్పాలన్నదే మీ అసలు టెన్షన్. మొత్తం వినకుండా బాగుందని చెప్పొద్దు, పట్టేస్తాడు. రెండోదాని దగ్గర ఆగిపోయాను, పదకొండోది విన్నాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ తర్వాత ఒక ప్రశ్న వేయండి: నువ్వు ఎక్కువసార్లు వినే పాట ఏది? 'కింగ్ కుంటా' అంటే సరదాగా వింటున్నాడు, దాని బాస్‌కు ఎవరైనా ఊగుతారు. 'యు' అన్నాడనుకోండి, కొంచెం ఆగి వినండి. ఊరు వదిలి హైదరాబాద్‌లో చదివే పిల్లలు అమ్మానాన్నలతో చెప్పుకోని మాటలు చాలా ఉంటాయి. ఎక్కువ ఊహించుకుని భయపడమని కాదు. అన్నం తింటున్నావా, నిద్ర పడుతుందా, దోస్తులున్నారా అని అడగడానికి అది ఒక వీలు, అంతే. ఎందుకు నచ్చిందో వాడు చెప్పేటప్పుడు మధ్యలో పాట విమర్శ మొదలుపెట్టకండి, తెలుగు సార్లకు ఆ అలవాటు ఉంటుంది. నిజంగా మనసు బాగాలేనట్టు అనిపిస్తే మాత్రం ఫోన్‌లో ఆపకుండా వెళ్లి కలిసి రండి. దేవరకొండ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని!

ఇది మీకు పట్టుబడితే తర్వాత చెన్నై వాళ్లది ఒకటి వినండి. 2017లో దర్శకుడు పా. రంజిత్ చొరవతో మొదలైన 'ది కాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందం. అక్కడి పేటల్లో పాడే గానా పాటనూ ర్యాప్‌నూ కలిపి కులం మీద పాడతారు. భాష అరవమైనా మీకు ఇంత ఇబ్బంది ఉండదు. వంత పాడేవాళ్లున్నారు, పల్లవి మీరూ అందుకోవచ్చు.